ఈకల పనివాళ్లు

ఫ్రాన్స్‌లోని ఓష్ పట్టణపు మ్యూజియంలో ఒక క్రైస్తవ చిత్రం ఉంది. సెయింట్ గ్రెగరీ పూజ చేస్తుండగా బలిపీఠం మీద క్రీస్తు ప్రత్యక్షమైన ఘట్టం. దూరం నుంచి రంగులతో వేసిన బొమ్మే అనుకుంటాం. కానీ చెక్క మీద అంటించినవి పక్షి ఈకలు. 1539లో మెక్సికో నగరంలో పోప్ మూడో పాల్ కోసం చేయించారు. ఒకప్పటి అస్తెకుల రాజధాని అయిన ఆ నగరం స్పెయిన్ వశమై అప్పటికి 18 ఏళ్లు.

ఆ ఈకలు అంటించిన పనివాళ్లు అమంతెకులు. ఒకప్పుడు రాజుల డాళ్లకు, దేవుళ్ల అలంకారాలకు ఈకలు పొదిగిన కులవృత్తి వాళ్లది. సహగూన్ అనే సన్యాసి వాళ్ల పని తీరును ఓపిగ్గా రాయించి పెట్టాడు. కిత్తనార ఆకు మీద పల్చటి దూదిని బంకతో పరిచి, ఎండాక ఊడదీసి, దానిమీద నమూనా గీసుకునేవారు. అడుగున రంగు వేసిన చవక ఈకలు. పైన ఖరీదైనవి, హమ్మింగ్‌బర్డ్ ఈకలలాంటివి. బంక ఆర్కిడ్ దుంపలది, కలిపేది పిల్లలు.

నెమలి పింఛాన్ని ఎండలో తిప్పి చూసినవాళ్లకు ఇలాంటి ఈకల మెరుపు సంగతి చెప్పక్కర్లేదు. అది రంగు పూత కాదు, ఈక నిర్మాణంలోంచే పుట్టే కాంతి. ఓష్ చిత్రానికి యూరప్ నుంచి వచ్చిన నమూనా నలుపు తెలుపుల అచ్చుబొమ్మ. దానికి వెలుగు తెచ్చింది మాత్రం వీళ్లేనని నా అభిప్రాయం.

చిత్రం అంచున గవర్నర్ దొన్ దియేగో పేరుంది, సన్యాసి పెడ్రో డి గాంతె పేరుంది. ఈకలు అంటించినవాళ్ల పేర్లు లేవు.