శాస్త్రాల్లో గణిత చిహ్నాలు: ఒక అనువాదకుని అభ్యంతరాలు

ఉర్దూ మాధ్యమంలో పదవ తరగతి ముగించి ఇంటర్మీడియట్‌లో చేరిన కోరుట్ల విద్యార్థి ఒకడు కొన్నేళ్ల క్రితం రసాయనశాస్త్రపు లెక్క ఒకటి నా వద్దకు తెచ్చాడు. ద్రావణపు ద్రవాభిసరణ పీడనం 2.46 అట్మాస్ఫియర్లు, ఉష్ణోగ్రత 300 కెల్విన్లు; గాఢత కనుక్కోవాలి. సూత్రంలో ఎడమ పక్కన 'పై' అనే గ్రీకు అక్షరం ఉంది. ఇచ్చిన పీడనాన్ని వదిలేసి అతడు అక్కడ 3.14 వేశాడు. 0.1 రావలసిన జవాబు 0.127 అయింది. "పై అంటే 3.14 కాదా, మౌల్వీసాబ్?" అని అడిగాడు.

తప్పు కుర్రవాడిది కాదు. గణితంలో వృత్త పరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తిని సూచించే ఆ అక్షరమే రసాయనశాస్త్రంలో పీడనం, అర్థశాస్త్రంలో లాభం, కణభౌతికశాస్త్రంలో ఒక మీసాన్ పేరు. 'ఇ' అక్షరం ఒకచోట 2.718 అనే సంఖ్య, మరొకచోట ఎలక్ట్రాన్ ఆవేశం. రుణ ఒకటి వర్గమూలాన్ని గణితజ్ఞులు 'ఐ' అంటే, 'ఐ'ని విద్యుత్ ప్రవాహానికి ఇచ్చుకున్న ఇంజనీర్లు 'జె' అంటారు. అక్షరాలు కొన్నే, శాస్త్రాలు అనేకం. కనుక ఈ పంపకం తప్పదు. తప్పించుకోగలిగినది ఒకటుంది: చిహ్నం తొలిసారి వచ్చినప్పుడు దాని పేరూ ప్రమాణమూ చెప్పకుండా సాగిపోవడం. మన అనువాద పాఠ్యగ్రంథాల్లో నేను చూసిన ప్రధాన లోపం ఇదే. మాటలను శ్రమపడి తెలుగు చేస్తారు, సూత్రం రాగానే అనువాదకుడు సెలవు తీసుకుంటాడు.

జగిత్యాల రైతు చేతిలోని ఎరువుల బస్తాను చూడండి. దానిమీది 'కె' పొటాషియం; లాటిన్ 'కాలియం'కు తొలి అక్షరం. ఆ కాలియం అరబీలోని 'అల్ ఖలీ' నుండి, అంటే మొక్కల బూడిద నుండి వచ్చింది. భౌతికశాస్త్రంలో అదే పెద్ద అక్షరం ఉష్ణోగ్రతా ప్రమాణం, చిన్న అక్షరం బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం. పైగా పొటాష్ బస్తా మీది 60 శాతం ఆక్సైడు లెక్క. అసలు పొటాషియం సుమారు 50 శాతమే. ఈ సంగతి చెప్పని పుస్తకం రైతుబిడ్డకు ఏం చెప్పినట్లు?

అల్ ఖలీ సంగతి వినగానే మనవారికి ఉత్సాహం కలుగుతుంది. ఇక్కడే రెండవ అభ్యంతరం. బీజగణితంలోని 'ఎక్స్' అరబీ 'షై' (వస్తువు) నుండే వచ్చిందని మన సభల్లో, కరపత్రాల్లో నిస్సంకోచంగా చెబుతున్నారు. దీనికి ఆధారం దొరకలేదు. డెకార్ట్ 1637లో తెలియని రాశులకు అక్షరమాల చివరి అక్షరాలను, తెలిసినవాటికి తొలి అక్షరాలను వాడాడు. ఆ పద్ధతే నిలిచింది. అల్ ఖ్వారిజ్మీ తన 'అల్ జబ్ర్'లో ఒక్క చిహ్నమైనా వాడలేదు. సంఖ్యలను కూడా మాటల్లోనే రాశాడు. అందువల్ల ఆయన ఘనత తగ్గలేదు. చిహ్నాల గురించే చెప్పదలిస్తే 15వ శతాబ్దపు అందలూసియా పండితుడు అల్ ఖలసాదీ ఉన్నాడు. 'షై'కి షీన్, వర్గరాశి 'మాల్'కు మీమ్ వంటి గుర్తులు వాడాడు. 1424లో సమర్ఖందులో అల్ కాషీ వృత్త నిష్పత్తికి రెట్టింపు విలువను 16 దశాంశ స్థానాల వరకు లెక్కించాడు. నిజం ఇంత ఉండగా కల్పన ఎందుకు? గణితాన్ని నిరాకరించి ధర్మానికి సేవ చేశామనుకునే అజ్ఞాన మిత్రుని వల్ల ఇస్లాంకు కలిగే హానిని ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) 'అల్ మున్‌ఖిజ్'లో హెచ్చరించారు. ఆధారం లేని గొప్పలు చెప్పేవాడినీ నేను ఆ మిత్రుని పక్కనే కూర్చోబెడతాను.

స్థిరాంకాల విషయంలోనూ ఇటువంటి తొందరపాటే. స్థిరాంకం అన్నదల్లా సృష్టికర్త నియమమని ప్రసంగించేవారు ఒకసారి సిరిసిల్ల సాంచాల వద్దకు వెళ్లాలి. నూలును నంబరుతో కొలుస్తారు: ఒక పౌనుకు 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత నంబరు. పాలిస్టర్‌ను డెనియర్‌తో కొలుస్తారు: 9000 మీటర్ల దారం బరువు ఎన్ని గ్రాములైతే అంత. నంబరు పెరిగితే దారం సన్నం, డెనియర్ పెరిగితే లావు. ఒకదాని నుండి మరొకటి రావాలంటే 5315ను భాగించాలి. 40 నంబరు నూలు సుమారు 133 డెనియర్. ఈ 5315 స్థిరాంకమే. కాని దానిని పుట్టించింది గజమూ పౌనూ మీటరూ గ్రామూ, అంటే మనుషుల ఒప్పందం. వృత్త నిష్పత్తి అటువంటిది కాదు. ఏ కొలబద్దతో కొలిచినా మారదు. ప్లాంక్ స్థిరాంకం మరొక తరగతి: ప్రకృతిలోనిదే అయినా అంకెల్లో దాని విలువ ప్రమాణాలను బట్టి ఉంటుంది. 2019 మే 20 నుండి ఆ విలువను నిర్ణీతం చేసి, దాని ఆధారంగానే కిలోగ్రామును నిర్వచిస్తున్నారు. ఈ మూడింటినీ ఒకే 'స్థిరాంకం' కింద కలిపే గ్రంథకర్త విద్యార్థినీ, ధర్మోపన్యాసకుణ్ణీ ఇద్దరినీ తప్పుదారి పట్టిస్తాడు.

హైదరాబాదులో 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం వందల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. పరిభాషను ఎలా నిర్మించాలనే ప్రశ్నపై వహీదుద్దీన్ సలీం ఒక పుస్తకమే రాశారు. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది, ఆ చర్చ తెగిపోయింది. తెలుగులో దానిని అందుకోవలసినవారు పదాలతోనే తృప్తిపడ్డారు. చిహ్నాన్ని అనువదించమని నేను కోరను. అది అన్ని దేశాల్లో ఒకటిగా ఉండటమే మేలు. ప్రతి అధ్యాయం మొదట చిహ్నం, దాని తెలుగు పేరు, ఉర్దూ పేరు, ప్రమాణం, ఏ తరగతి స్థిరాంకమో తెలిపే ఒక పట్టిక చాలు. కోరుట్ల కుర్రవాడి నోటుపుస్తకం వెనుక అట్టమీద అటువంటి పట్టిక రాయడానికి మా ఇద్దరికీ ఒక సాయంత్రం, అసర్ నుండి మగ్రిబ్ వరకు పట్టింది.