వినలేని చెవికి కేక

నెల్లూరు కోస్తాలో నెలల తరబడి నిలిపియుంచిన వ్యానుల కప్పులకు పక్షుల బెడద కలదు. రెట్ట ఎండకు ఎండి రంగుపై మచ్చవేయును; కాకులు అతుకులలోని రబ్బరును పెరికివేయును. నివారణకై అంగళ్లలో మూడు వస్తువులు దొరకుచున్నవి: ప్లాస్టిక్ గుడ్లగూబ, తళతళలాడు రిబ్బను, అతిధ్వని యంత్రము.

ఇందు మూడవది విజ్ఞానము పేర అమ్ముడుపోవుచున్నది గనుక దానినే ముందు పరీక్షింపవలెను. అతిధ్వని యనగా సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వని. గబ్బిలము దానిని వినగలదు, కుక్కయు కొంతవరకు వినగలదు. పక్షుల చెవియో 1,000 మొదలు 4,000 కంపనములవరకు చురుకుగానుండి, 10,000 దాటిన పిమ్మట చాలవరకు పనిచేయదు. మనకే వినబడని కేకను మనకంటె తక్కువ వినగల ప్రాణికై వేయుట ఎట్టి తర్కమో!

గుడ్లగూబ కొంత నయము. కదలని శత్రువునకు కాకి ఎన్నో దినములు జడియదు. చోటు మార్చుచున్నచో భయము మరికొంత కాలము నిలుచును. ఉపాధ్యాయులు దీనిని బడి గోడమీదనే పరీక్షింపవచ్చును. బొమ్మ ఉన్న వారము, లేని వారము, ఒకే వేళకు వచ్చిన కాకులను విద్యార్థులచే లెక్కింపజేసిన చాలును. రిబ్బను గాలి ఉన్నంతసేపే పనిచేయును.

2022 వరకు నెల్లూరు జిల్లాలోనుండిన నేలపట్టు 1976లో పక్షుల అభయారణ్యమైనది. అచట గూడబాతుల రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు బలమని రైతులు ఆ పక్షులను ఆదరింతురు. కావున తరుముట కంటె అడ్డుకట్టుటయే మేలు: కప్పునకు జానెడెత్తున బిగువుగా లాగికట్టిన సన్నకన్నుల వల. వదులైనచో పక్షి చిక్కుకొనును. కప్పునంటి కప్పిన టార్పాలిను క్రింద ఉప్పుగాలి తేమ నిలిచి, ఇనుము త్రుప్పుపట్టును.