అంత్యప్రాస: ఒక కొత్త సంకెల

పద్యమునకు సంకెల తెగినదని మనము సంతోషించి నూఱేండ్లు దాటినది. 1910వ సంవత్సరమున విజయనగరవాసియగు గురజాడ అప్పారావుగారి ముత్యాలసరములు ఆంధ్రభారతి పత్రికలో వెలువడినప్పుడు, ద్వితీయాక్షరప్రాస నియమమును విడిచియు తెలుగు పద్యము హాయిగా నడువగలదని లోకమునకు తెలిసివచ్చినది. కాని నేడు మా విద్యార్థుల పద్యములను, సభలలో చదువు స్వాగతగీతములను, పండుగనాటి గేయములను పరికింపగా, ఆ సంకెల తెగలేదనియు, పాదము మొదటినుండి పాదము తుదకు జరిగినదనియు మాకు తోచుచున్నది. పంక్తిపంక్తికి చివర ఒకే చప్పుడు వినబడినచో కవిత్వమైనదని పిల్లలు నమ్ముచున్నారు. వారినట్లు నమ్మించినది ఉపాధ్యాయులమైన మేమే.

ఇటీవల జరిగిన సంగతి యొకటి విన్నవింతుము. వంశధార యొడ్డు పల్లెనుండి వచ్చి చదువుకొను బాలుడొకడు రెండు పాదములు వ్రాసి తెచ్చినాడు: "ఏటి గట్టున నావ నిలిచెను, తోట లోపల పూలు పూచెను." ప్రాసాక్షరము టకారము, కుదిరినది. అంత్యప్రాస కుదిరినది. మూడును నాలుగును మాత్రల నడకయు తప్పలేదు. "మీ గట్టున తోట ఎక్కడిదిరా?" యని యడిగితిమి. "తోట లేదండి. ప్రాస కుదరాలి గదండీ మాష్టారూ" అన్నాడు. "నావ యెందుకు నిలిచినది?" అంటిమి. వాడు తల వంచుకొని, "మా అయ్యకి జెరమండి, వేటకెళ్లలేదండి" అన్నాడు.

ఆ యింటిలో ఆనాడు పొయ్యి వెలిగినదో లేదో మేమెఱుగము. కాని పూలు మాత్రము పూయలేదని యెఱుగుదుము. ప్రాస యనునది ఆ బాలునిచేత అబద్ధము పలికించినది. దానికి మార్కులు వేయుటకు మా చేతిలోని కలము సిద్ధముగా నుండినది.

ఇందు దోషము ప్రాసదేనా? కొంచెము విచారింతము. మన పూర్వుల నియమములు రెండును పదముల మొదటిభాగమును పట్టుకొన్నవి. యతి పాదాద్యక్షరమునకు సంబంధించినది. ప్రాస రెండవ యక్షరమునకు సంబంధించినది. తెలుగుపదమున అర్థమును మోయు ధాతువు ముందుండును. విభక్తులును, క్రియాప్రత్యయములును వెనుక చేరును. కావున పాతప్రాస, కష్టమైనను, సాధారణముగా అర్థముగల భాగముననే నిలిచినది. అంత్యప్రాస యట్లు కాదు. మన వాక్యము క్రియతో ముగియును. క్రియ ప్రత్యయముతో ముగియును. వచ్చెను, పోయెను, తినెను, పండెను అని వరుసగా వ్రాసినచో ప్రాస యూరకయే పడును. ఇంగ్లీషునందు పాదాంతమున పదములు జతపడుటకు కవి వెదకవలెను; తెలుగున వెదకనక్కరలేదు. వెదకకుండ దొరకినదానికి వెల యేమి?

దీనికి మేము తరగతిలో చెప్పు పరీక్ష యొకటి కలదు. ప్రత్యయమును తీసివేసి చూడుడు. "వచ్చెను, తెచ్చెను" అన్నచోట ప్రత్యయము పోయినను జత మిగులును, అది ప్రాస. "వచ్చెను, పోయెను" అన్నచోట ఏమియు మిగులదు. అది వ్యాకరణము మాత్రమే.

గురజాడవారు నియమమును విడిచినప్పుడు సంగీతమును విడువలేదు. ముత్యాలసరమున మొదటి మూడు పాదములకు పదునాలుగేసి మాత్రలు. మూడు, నాలుగు, మూడు, నాలుగుగా నడచును. నాలుగవ పాదము పొట్టిది కావచ్చును. ఇది మిశ్రగతి. విందుమన్న చెవికి ఆ తూగే చాలును. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ కథకు వారు నాలుగేసి మాత్రల నడకను గైకొన్నారు. కథనుబట్టి నడక మాఱినది. నడకనుబట్టి కథ మాఱలేదు. 1919లో విజయనగరమున వెలసిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథలయందును మాటకు ప్రాణము లయయే.

అంత్యప్రాస పనికిరాదని మేమనుట లేదు. విజయనగరమున చదువుకొన్న ఆరుద్రగారు కూనలమ్మపదములలో మూడు పాదములను అంత్యప్రాసతో బిగించి, నాలుగవదానిని సంబోధనతో ముగించినారు. అక్కడ ప్రాస చమత్కారమునకు కొస. ఆ మూడవ మాట పడగానే పాఠకుడు నవ్వును, పిదప ఆలోచించును. ఇక పార్వతీపురము చెంత పెదబొండపల్లిలో 1943లో జన్మించి 2020లో గతించిన వంగపండు ప్రసాదరావుగారి పాటలను చూడుడు. ఈ జిల్లాల కూలిజనుల మాటయే ఆ పాటలకు ప్రాసను, పల్లవిని సమకూర్చినది. నిఘంటువు నడిగి తెచ్చినది కాదు.

"ప్రాస లేనిచో నిరక్షరాస్యుల నోట పాట నిలుచునా?" యని కొంద ఱడుగవచ్చును. మంచి ప్రశ్నయే. ఊడ్పులనాడు చేలలో వినుడు. పాటను నిలుపునది చేతిపనియొక్క లయ, మఱల మఱల వచ్చు పల్లవి. ప్రాస వచ్చినచోట అది తోడుగా వచ్చును, యజమానిగా రాదు.

మేము నిర్దోషులమని చెప్పుకొనము. పూర్వమొకప్పుడు ఒక యధికారికి స్వాగతపద్యములు వ్రాసి, "దాత" యన్న మాటకు జతగా "నేత" యనియు, దానికి జతగా "విధాత" యనియు కూర్చితిమి. ఆ మహానుభావుడు మూటిలో నేదియు కాడు. సభ చప్పట్లు కొట్టినది. ఆనాటి మా పద్యమునకును ఈ బాలుని పూలతోటకును భేదమేమి? వాడు పిల్లవాడు, మేము కాము. అంతియే.

ఉపాధ్యాయ సోదరులకు మా మనవి యిది. పిల్లవాడు పద్యము తెచ్చినప్పుడు ప్రాస కుదిరినదా యని ముందడుగకుడు. నిజమేనా యని యడుగుడు. వాని యింటిమాటను తప్పని కొట్టివేయకుడు. శ్రీకాకుళమునకు సమీపమున పుట్టిన గిడుగు రామమూర్తిగారు జీవితమంతయు ధారపోసినది ఆ మాటకొఱకే.

ఆ బాలుడు మఱునాడు రెండవ పాదమును దిద్ది తెచ్చినాడు: "అయ్య చేతికి తెడ్డు బరువై." ప్రాస లేదు, అంత్యప్రాసయు లేదు. మాత్రలు పదునాలుగును సరిగా నున్నవి. మేము చదివి కొంతసేపు మాటాడలేకపోతిమి. తరగతియు మాటాడలేదు.