ముస్తఫా జాడ

షికాగో చేరువ నివసించు మా మేనల్లుడు ఈ వారము ఫోను చేసి, బ్రూక్‌ఫీల్డులో 2010లో నెలకొన్న గ్యాలపింగ్ ఘోస్ట్ అను ఆటశాలకు పోయి, ద్వారముకడ ఒక్కమారు రుసుము చెల్లించి, దినమంతయు పాత వీడియో గేములాడి వచ్చితినని చెప్పగా, ఆ సంతోషము నాకును సోకినది. ప్రయాణములలో ఇట్టి యంత్రములను వెదకుట నాకు చిరకాలపు అలవాటు. మన నగరములలో ఫోనునడిగినచో అది చూపునవి మాల్‌లలోని గేమ్ జోన్లే; అందు 1980 నాటి ప్యాక్‌మాన్ గాని, 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ టూ గాని అగపడుట అరుదు. కావున ఏ ఊరికేగినను బస్టాండు ప్రక్క సెల్‌ఫోన్ రిపేరు అంగడిలో, నలుబదేండ్లు దాటినవారిని విచారింతును.

కంభమున దొరకు సమాధానము సర్వదా ఒక్కటే: “ముస్తఫానా సార్? ఎప్పుడో ఎత్తేసినారు.” క్యాప్‌కామ్ సంస్థ 1993లో వెలువరించిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్; అయినను నలుగురు వీరులలో టోపీ ధరించి వడిగా పరుగెత్తు ముస్తఫాయే మన సీమలో ఆటకు పేరైనాడు. అది ముగ్గురాడదగిన ఆట. అచట మేమాడిన షాపులోని యంత్రమునకు ఇద్దరికే మీటలుండెడివి. మూడవవాడు రూపాయి బిళ్ళను తెరక్రింద అంచుపై నుంచి వరుస పట్టెడివాడు. మార్కాపురపు పలకల కార్మికుని కొడుకును, గిద్దలూరు నుండి రైలు దిగిన కాలేజీ విద్యార్థియు, పేర్లైన తెలియకయే భుజముభుజము నానించి ఒకే డైనోసారు నెదిరించుచుండిరి.

ఏ ఊరి వస్తువు ఆ ఊరనే నిలువవలెనని నేనీ శీర్షికలో పలుమారులు వాదించితిని. విజయనగరరాజుల నాటి నుండి గుండ్లకమ్మ నీటిని నిలుపుకొనియున్న కంభము చెరువును అందులకు సాక్షిగా చూపితిని. కాని చెరువునకు కట్ట చూచువారును, తూములు బాగుచేయువారును తరతరములుగా నుండిరి. ముస్తఫాకు అట్టివారు లేరు. ఆ ఆట అసలు సర్క్యూట్ బోర్డులో ఒక చిన్న బ్యాటరీ కలదు. దాని బలమున నిలుచు రహస్యసంకేతములు, అది ఉడిగినంతనే చెరిగిపోయి, ఆట చెడును. నకలు బోర్డులైనను తేమకును చిలుముకును లోబడినవే.

కనుక ఆ వాదమును యంత్రముల విషయమున విడుచుచున్నాను. లకోనియా పట్టణపు ఫన్‌స్పాట్ ఆటశాలలోని అమెరికన్ క్లాసిక్ ఆర్కేడ్ మ్యూజియము వలె, బాగుచేయువాడున్న చోటికి యంత్రము తరలిపోవుటయే మేలు. గిద్దలూరులో గాని మార్కాపురములో గాని ఎవరి మిద్దెపైనైనను అట్టి బోర్డు మిగిలియున్నచో, పాత ఇనుముకు వేయక, పనితెలిసినవానికి ముందుగా బ్యాటరీ చూపుడు. కొనువాడు చెన్నపట్టణమువాడైనను సరే, ఇచ్చివేయుడు. ఆడుటకు నేనే రైలెక్కి పోదును.