మైబగ్ అసలు పేరు

నవ్వించే పుస్తకాన్ని అనుమానంతో తెరవడం మాకు అలవాటు. ఎవర్ని చూసి నవ్వమంటున్నారో ముందు తేల్చుకోవాలి. నోరు తిరగని తెలుగు మాట్లాడే సాయిబును చూసి సినిమా హాలంతా పగలబడి నవ్వుతుంటే ఆ హాల్లోనే కూర్చున్నవాళ్లం కదా!

ఇంగ్లీషు రచయిత్రి స్టెల్లా గిబ్బన్స్ 1932లో ప్రచురించిన 'కోల్డ్ కంఫర్ట్ ఫార్మ్' నవలనూ అలాగే తెరిచాను. అమ్మానాన్నలు పోయిన లండన్ పిల్ల ఫ్లోరా పోస్ట్. ఏడాదికి 100 పౌండ్ల రాబడి చాలదు, ఉద్యోగం చేయాలని లేదు. ససెక్స్ పల్లెలో చుట్టాల ఇంటికి చేరుతుంది. అక్కడి స్టార్కాడర్ల కుటుంబంలో అంతా చీకటి, బురద, శాపం. చిన్నప్పుడు కట్టెల కొట్టంలో ఏదో ఘోరం చూశానంటూ ఇంటిపెద్ద అడా డూమ్ ముసలమ్మ ఒక్కర్నీ గడప దాటనివ్వదు. ఫ్లోరా వాళ్లందర్నీ బాగుచేసే పనికి పూనుకుంటుంది.

అయితే గిబ్బన్స్ ఎగతాళి పల్లె మీద కాదు, పల్లెను అలా రాసినవాళ్ల మీద. మేరీ వెబ్ లాంటి రచయితల పుస్తకాల్లో పల్లె అంటే మట్టి, నెత్తురు, విధి. ఆ ధోరణిలో తానే వర్ణనలు రాసి, వాటికి యాత్రికుల గైడు పుస్తకాల్లోలా నక్షత్ర గుర్తులు పెట్టింది. ఇక్కడ నేను మనసారా నవ్వాను. అత్తరు, బిర్యానీ, బుర్ఖా మూడూ కలిపి ముస్లిం పాత్ర అయిపోయిందనుకునే మన రచయితలకూ ఇలాంటి నక్షత్రాలు పెట్టాల్సిందే!

ఫ్లోరాలో నాకు నచ్చింది ఇంకోటి ఉంది. ఎవరికేం కావాలో కనిపెడుతుంది. సేత్‌కు సినిమాలంటే పిచ్చి, సినిమాల్లోకి పంపుతుంది. ఆమోస్‌కు ఊరూరా మతబోధ చేయాలని ఉంది, సాగనంపుతుంది. రూబెన్‌కు పొలం కావాలి, దక్కేలా చేస్తుంది. మా బస్తీలను ఉద్ధరించడానికి వచ్చేవాళ్లలో ఎందరు ముందుగా 'మీకేం కావాలి' అని అడిగారు?

కానీ ఎల్ఫైన్ సంగతేమిటి? అడవుల్లో తిరిగే, కవిత్వం రాసుకునే పిల్ల. భూస్వామి కొడుకును ప్రేమించింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాలంటే జుట్టు మారాలి, బట్టలు మారాలి, కవిత్వం ఊసెత్తకూడదు. ఫ్లోరా అన్నీ ప్రేమగానే నేర్పుతుంది. నవల దీన్ని విజయంగా చూపిస్తుంది. నాకు మాత్రం ఇది ప్రవేశ రుసుం లెక్క కనిపించింది. ప్రధాన స్రవంతిలోకి రమ్మని మమ్మల్ని పిలిచేవాళ్లు చేతిలో పెట్టే చీటీ కూడా ఇదే.

అందుకే ముసలి పాలేరు ఆడమ్ నాకు ముద్దొస్తాడు. ముళ్లపుల్లతో గిన్నెలు తోముతున్నాడని ఫ్లోరా బుల్లి కుంచె కొనిస్తే, ఇంత అందమైనదాన్ని ఎంగిలి గిన్నెల్లో పెట్టడమా అని దాచుకుంటాడు. కానుక తీసుకున్నాడు, తన పద్ధతి మాత్రం వదల్లేదు.

ఇక అసలు ముల్లు. నవలలో మేయర్‌బర్గ్ అనే మేధావి ఉన్నాడు. యూదుల పేరులా వినిపిస్తుంది. ఫ్లోరా మనసులో అతను 'మైబగ్'. బగ్ అంటే పురుగు. కథనమూ ఆ పేరునే పట్టుకుంటుంది. అతను గొప్పలు పోతాడు, ఆడవాళ్ల వెంట పడతాడు, నవ్వాల్సినవాడే. చివరికి రెన్నెట్‌తో పెళ్లి కూడా అవుతుంది. పేరు మాత్రం తిరిగి రాదు. ఈ నవల వచ్చిన మరుసటి ఏడాదే, 1933లో, జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. ఈ హాస్యానికీ ఆ హత్యాకాండకూ ముడిపెట్టడం లేదు. పేరును పురుగు చేస్తే నవ్వు వచ్చే గాలి ఇంగ్లండులోనూ ఉండేదంటున్నాను, అంతే.

బళ్లో హాజరు పిలుస్తూ ఒక సారు నా పేరును విరిచి క్లాసునంతా నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే వేరైపోతానని భయం. ఇంటికొచ్చి అమ్మీకి చెప్పలేదు. ఆ పేరు పెట్టింది ఆమే కదా!

చివర్లో చార్లెస్ విమానంలో వచ్చి ఫ్లోరాను తీసుకుపోతాడు. ప్రేమకథ సుఖాంతం. మంచి నవలే, మళ్లీ చదివాను. ఈసారి పెన్సిలు పట్టుకుని, మైబగ్ అని ఉన్న ప్రతిచోటా పక్కన మేయర్‌బర్గ్ అని రాసుకున్నాను.