పాత పుస్తకమూ, ప్రాంత చరిత్రా

పాలంపేట రామప్ప గుడిని గురించి 1922లో భారత పురావస్తు శాఖ ఒక గ్రంథాన్ని వెలువరించింది. దాని రచయిత గులాం యజ్దానీ. 1914లో నిజాం రాజ్యంలో ఏర్పడిన పురావస్తు శాఖకు ఆయనే తొలి డైరెక్టరు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన ఆలయాన్ని పండిత లోకానికి పరిచయం చేసిన వారిలో ఈ ముస్లిం విద్వాంసుడు ముఖ్యుడు.

పాత పుస్తకాలు సేకరించే ముస్లిం పాఠకుడు ఈ గ్రంథాన్ని ఏ వరుసలో ఉంచాలి? గుడి పుస్తకమని పక్కన పెడితే యజ్దానీని పోగొట్టుకుంటాడు. ముస్లిం రాసినదని మాత్రమే కొంటే పాలంపేటను పోగొట్టుకుంటాడు. సేకరణకు ప్రాతిపదిక మతం కారాదు, ప్రాంతం కావాలి.

అయితే ప్రాంతాన్ని పట్టుకోవడమూ తేలిక కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016లో ఏర్పడ్డాయి. కాబట్టి ఆ జిల్లాల పేర్లతో పాత గ్రంథాలు దొరకవు. 1946 నాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. కాళేశ్వరం చరిత్రను కరీంనగర్ సంపుటాల్లోనూ, గార్ల, బయ్యారం విషయాలను ఖమ్మం సంపుటాల్లోనూ వెదకాలి. పాలంపేట సైతం 2019లో ములుగు జిల్లాలో చేరింది. హైదరాబాదులో కోఠి, ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారం పరచిన పుస్తకాల్లో వెదికేవాడికి ఈ ఎరుక లేకపోతే, కావలసిన పుస్తకం కాళ్ళ దగ్గరే ఉన్నా దాటిపోతాడు.

హదీసు విద్వాంసులు మాటను స్వీకరించే ముందు అది ఎవరి ద్వారా వచ్చిందో విచారించేవారు. పాత పుస్తకానికీ అదే విచారణ అవసరం. ముఖపత్రం, ముద్రణ సంవత్సరం, పటాలు, అనుబంధాలు ఉన్నాయా అని చూడాలి. ఛాయాచిత్రాలు చిరిగిపోయిన పాలంపేట గ్రంథం సగం సాక్ష్యమే.

నిండు ప్రతి దొరికినా అది మొత్తం చరిత్ర కాదు. యజ్దానీ దృష్టి రాతిపైన, శిల్పంపైన నిలిచింది. ఆ చెరువు కింద దున్నిన రైతు అందులో కనిపించడు. 1974లో వెలువడిన హారూన్ ఖాన్ షేర్వానీ కుతుబ్‌షాహీ వంశ చరిత్ర గొప్ప గ్రంథమే గాని, ప్రధానంగా దర్బారు చరిత్ర. జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం కోర్టుకెక్కి, దేశ్‌ముఖ్ పక్షం చేతిలో ప్రాణాలు కోల్పోయిన షేక్ బందగీని తెలుసుకోవాలంటే, పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తెలంగాణా పోరాట గ్రంథాన్ని తెరవాలి. ఆయనది పార్టీ నాయకుని దృష్టి. ఆ ఎరుకతోనే చదవాలి. ఒక గ్రంథం విడిచిన చోటును మరొకటి పూరిస్తుంది. పక్కపక్కన నిలిపినప్పుడే వాటి విలువ తేలుతుంది.

ఇంటి పెద్దలు పోయాక వారి పుస్తకాలు, అందునా ఉర్దూ గ్రంథాలు, చదివే వారు లేరని తూకానికి వెళ్ళిపోవడం కద్దు. అమ్మేవారిని నిందించి ప్రయోజనం లేదు. అమ్మే ముందు ఉర్దూ తెలిసిన ఒకరిని పిలిచి పేరు, రచయిత, సంవత్సరం ఒక కాగితంపై రాయించుకుంటే చాలు; ఏది ఉంచాలో, ఏది గ్రంథాలయానికి ఇవ్వాలో తెలుస్తుంది. పుస్తకం కొన్నవాడి సొత్తే గాని, అందులోని సాక్ష్యం రాబోయే తరాల అమానత్. దాన్ని తాళం వేసి దాచేవాడు కూడా తూకానికి వేసినవాడి కంటే ఎక్కువ మేలు చేసినట్టు కాదు.