తంజావూరులో ఎవరి ఇళ్ళు చూస్తాం?

సంస్కృతి కోసం తప్పక చూడవలసిన నగరాలంటూ ఏ పత్రిక జాబితా వేసినా వారణాసి, జైపూర్, మధుర, మైసూరు, హైదరాబాదులతో పాటు తంజావూరూ ఉంటుంది. ఈ జాబితాల మీద నాకు కోపమేమీ లేదు. సెలవుల్లో ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవడానికి నేనూ చదువుతాను. కాని ఈ మధ్య తంజావూరు వెళ్ళివచ్చాక వాటిని కథల్ని చదివినట్టు చదవడం అలవాటైంది. ఎవరు కట్టారు, ఎంత ఎత్తు, ఎన్ని టన్నుల రాయి. కర్త ఎప్పుడూ రాజే. స్త్రీ ఉంటే శిల్పంగానో, చిత్రపటంగానో ఉంటుంది. ఫలానా వీధిలో, ఫలానా ఇంట్లో ఉన్న మనిషిగా ఉండదు.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. అది నా సొంత తప్పు, దాచుకుని చివర్లో చెప్పడం బాగుండదు.

ఇరవై ఆరేళ్ళు ఒక కాలేజీలో తెలుగు సాహిత్య చరిత్ర పాఠం చెప్పాను. దక్షిణాంధ్ర యుగంలో ముద్దుపళనికి నేనిచ్చింది ఒక్క వాక్యం: ప్రతాపసింహుని ఆస్థానంలో ఉండేది, 'రాధికాసాంత్వనము' రాసింది, శృంగారం మితిమీరింది. పిల్లలు రాసుకునేవారు, నేను పేజీ తిప్పేదాన్ని. ఒక ఏడాది ఒక అమ్మాయి వచ్చి ఎం.ఫిల్. ముద్దుపళని మీద చేస్తానంది. "ఎందుకమ్మా, వైవాలో ఆ పద్యాలు చదవమంటే అంతమంది మగవాళ్ళ ముందు చదవగలవా?" అన్నాను. తల వంచుకుని కాసేపు ఊరుకుంది. తర్వాత, "మా అమ్మమ్మ వాళ్ళు కళావంతులండీ మేడం" అంది. నేనేమన్నానో నాకు బాగా గుర్తు. "అందుకే వద్దంటున్నాను" అన్నాను.

ఆమె చేత వీరేశలింగం గారి సంఘ సంస్కరణ మీద చేయించాను. అందులోని వెక్కిరింత అప్పుడు నాకు తట్టలేదు.

ఇక ఊరి సంగతి. బృహదీశ్వరాలయం గురించి నేను కొత్తగా చెప్పగలిగింది తక్కువ. రాజరాజ చోళుడు 1010 నాటికి పూర్తి చేయించాడు, 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, విమానం రెండు వందల అడుగులు దాటి ఉంటుంది. దాని నీడ నేల మీద పడదని గైడు చెప్పాడు. మేము ఆ నీడలోనే నిలబడి విన్నాం.

మాతో వచ్చిన స్నేహితురాలు తమిళ శాసనాలు చదవగలదు. ప్రాకారం గోడ దగ్గర ఆమె ఆగిపోయింది. ఈ గుడిలో గోడలే దస్తావేజులు. తాను ఇచ్చినవీ, తన అక్క ఇచ్చినవీ, రాణులు ఇచ్చినవీ, ఇతరులు ఇచ్చినవీ అన్నీ రాతి మీద చెక్కమని రాజరాజు ఆజ్ఞ. ఆ అక్క కుందవై. ఆమె చేయించిన విగ్రహాలు, ఇచ్చిన బంగారం తూకాలతో సహా ఉన్నాయి. కాని మా స్నేహితురాలు ఆగింది కుందవై దగ్గర కాదు. గుడి సేవకోసం తిరువారూరు, తిరువయ్యారు లాంటి ఊళ్ళ గుళ్ళ నుంచి నాలుగు వందల మంది స్త్రీలను తెచ్చి గుడి చుట్టూ వీధుల్లో ఉంచారు. ఆ నాలుగు వందల మంది పేర్లూ గోడ మీద ఉన్నాయి. ఉత్తుత్తి పేర్లు కాదు. ఏ వీధి, ఆ వీధిలో ఏ వరస, వరసలో ఎన్నో ఇల్లు, ఏ ఊరి గుడి నుంచి వచ్చింది, పేరేమిటి, వాటా ఎంత. ఒక్కొక్కరికి ఒక ఇల్లు, ఏడాదికి వంద కలాల వడ్లు. పేర్లన్నిటికీ ముందు 'నక్కన్' అని ఉంటుంది. ఆమె చదువుతూ పోయింది: నక్కన్, నక్కన్, నక్కన్. వింటుంటే హాజరు పట్టీ చదువుతున్నట్టుంది.

ఈ శాసనం కొత్తగా దొరికిందేమీ కాదు. హుల్ట్ష్ దీన్ని దక్షిణ భారత శాసనాల రెండో సంపుటంలో ఎప్పుడో అచ్చువేశాడు. చరిత్రకారులు చోళుల ఆర్థిక వ్యవస్థ గురించి రాసేటప్పుడు తప్పకుండా వాడుకుంటారు. యాత్రికుల పుస్తకంలో మాత్రం 'నాలుగు వందల మంది నర్తకీమణులు' అన్న ముక్క ఒక్కటే మిగులుతుంది, అదీ రాజు వైభవానికి కొలతగా. విమానం ఎత్తు ఇంత, నంది బరువు ఇంత, నర్తకులు ఇందరు.

నేనిక్కడ ఎదురు తప్పు చేయదలుచుకోలేదు. ఇల్లూ వడ్లూ పేరూ ఉన్నాయి కదా అని ఆ స్త్రీలను స్వతంత్రులని కీర్తించడం స్త్రీవాదం కాదు. ఉన్న ఊరు వదిలి వస్తారా అని వాళ్ళను ఎవరైనా అడిగారా? గోడ ఆ మాట చెప్పదు. ఒకరు చనిపోయినా వెళ్ళిపోయినా దగ్గరి బంధువు ఆ పని చేసి ఆ వాటా తీసుకోవాలని మాత్రం చెబుతుంది. అంటే అది జీతంతో కూడిన వంశపారంపర్యపు పని. హక్కూ అదే, కట్టడీ అదే. ఈ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయని ఒప్పుకోవడం మనకి కష్టమవుతుంది. ఒకరికి దేవదాసి దేవత, ఇంకొకరికి బాధితురాలు. ఇంటి నంబరున్న మనిషి ఇద్దరికీ అక్కర్లేదు.

2010లో ఈ గుడి వెయ్యేళ్ళ పండుగ చేశారు. పద్మా సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో వెయ్యిమంది ఈ ప్రాంగణంలోనే భరతనాట్యం చేశారు. అప్పట్లో ఫొటోలు చూసి నేను పొంగిపోయాను. ఇప్పుడు ఆ గోడ ముందు నిలబడితే వేరే ప్రశ్న వచ్చింది. ఆ వెయ్యిమందిలో ఏ పాతికమందైనా ఈ నాలుగు వందల ఇళ్ళ లాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళా? తంజావూరు ఆస్థానపు పాపమ్మాళ్ వంశంలో పుట్టిన బాలసరస్వతి 1984లో పోయింది. ఆమె నాట్యాన్ని లోకమంతా మెచ్చింది. అదే నాట్యాన్ని గౌరవనీయం చేయడానికి దాన్ని ఆమెలాంటి వాళ్ళ ఇళ్ళ నుంచి బయటికి తేవాలని అంతకు ముందే తీర్మానమైపోయింది.

రాజభవనం, దర్బారు హాలు, కంచు విగ్రహాల గది చూశాం. బాగున్నాయి. సరస్వతీ మహల్ దగ్గర మాత్రం తెలుగువాళ్ళం కాళ్ళు కదలవు. దాదాపు యాభై వేల వ్రాతప్రతులు, అందులో సంస్కృతం, తమిళం, మరాఠీ, తెలుగు. చూడటానికి వచ్చినవాళ్ళకి చిన్న ప్రదర్శనశాల ఉంది. రెండో శరభోజి బొమ్మ, ఆయన కొన్న పుస్తకాలు, తాటాకులు. నాయకరాజుల కాలంలో ఇక్కడ తెలుగూ సంస్కృతమూ రాసిన స్త్రీల గురించిన ముక్క కోసం వెతికాను, నా కంటికి కనబడలేదు. రఘునాథ నాయకుడి మీద సంస్కృతంలో 'రఘునాథాభ్యుదయం' రాసింది రామభద్రాంబ. ఆయన తెలుగు రామాయణాన్ని సంస్కృతం చేసింది మధురవాణి. విజయరాఘవుడి కాలంలో 'మన్నారుదాస విలాసం', 'ఉషాపరిణయం' రాసి కనకాభిషేకం చేయించుకుంది పసుపులేటి రంగాజమ్మ. ఆ తర్వాత మరాఠా రాజుల కొలువులో ముద్దుపళని. నూట యాభై ఏళ్ళ లోపల ఒకే ఊళ్ళో ఇంతమంది! అంతకు ముందు తెలుగు సాహిత్యంలో తాళ్ళపాక తిమ్మక్క, మొల్ల తర్వాత వేళ్ళు మడవడానికి తడుముకోవాలి.

మరి మన సాహిత్య చరిత్రలు ఈ కాలాన్ని ఏమన్నాయి? మొదట దక్షిణాంధ్ర యుగమన్నాయి, తర్వాత క్షీణయుగమన్నాయి. ఈ పేరుని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. భోగలాలస, నీతి పతనం, వేశ్యల ప్రాబల్యం, ఇవీ మేం చెప్పిన క్షీణ లక్షణాలు. స్త్రీలు ఎక్కువమంది రాసిన కాలమూ, మనం క్షీణించిందనుకున్న కాలమూ ఒకదానికొకటి ఆనుకుని ఉండటం కాకతాళీయమా? పూర్తిగా కాదనుకుంటాను. ఆ కాలపు మగకవులూ విచ్చలవిడి శృంగారం రాశారు. కాని వాళ్ళ పద్యాలు అలంకారశాస్త్రం పాఠానికి ఉదాహరణలయ్యాయి, ఆమె పద్యాలు యుగలక్షణానికి ఉదాహరణలయ్యాయి.

ముద్దుపళని కావ్యంలో నాకిప్పుడు పెద్దదిగా కనిపించేది శృంగారం కాదు. రాధిక ఇళను పెంచి పెద్ద చేసి, తానే దగ్గరుండి కృష్ణుడికి అప్పగించి, ఆ తర్వాత కాలిపోతుంది. చేసింది తానే, పడేదీ తానే. ఓదార్చడానికి కృష్ణుడే రావాలి. వయసు దాటిన స్త్రీ అసూయని నవ్వులాటగా కాకుండా, మధ్యలో నిలబెట్టి ఇంత తీరిగ్గా రాసిన కావ్యం మనకి ఇంకోటి ఉందా? ఇది పాఠం చెప్పడానికి పనికిరాదని ఇరవై ఆరేళ్ళు అనుకున్నాను!

ఈ కావ్యాన్ని ఈ కాలానికి దక్కించింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. అంతకు ముందొకసారి అచ్చయిన ప్రతిలో పీఠిక ఎగిరిపోయింది. ఆ పీఠికలోనే ముద్దుపళని తన వంశాన్ని ఆడవాళ్ళ మీదుగా రాసుకుంది. శృంగారం అభ్యంతరమైతే శృంగారం తీసేయాలి, ఆ ఆడవాళ్ళని ఎందుకు తీసేశారు? నాగరత్నమ్మ వ్రాతప్రతి చూసి అవన్నీ తిరిగి చేర్చింది. వీరేశలింగం గారు ఆ పద్యాలు స్త్రీ నోట రాదగినవి కావన్నందుకు, సిగ్గు ఆడవాళ్ళకేనా మగకవులకు వద్దా అని ముందుమాటలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం ప్రతులు పట్టుకుంది. స్వాతంత్ర్యానికి అటూ ఇటుగా, టంగుటూరి ప్రకాశం పంతులు గారి చొరవతో నిషేధం తొలగింది.

తంజావూరు నుంచి తిరువయ్యారు పన్నెండు, పదమూడు కిలోమీటర్లే. త్యాగరాజస్వామి సమాధి చూసేవాళ్ళు ఆ మందిరం ఎవరు కట్టించారని అడగరు. పాడుబడ్డ ఆ చోటుని కొని, నగలమ్మి, 1920లలో కట్టించింది ఇదే నాగరత్నమ్మ. ఆరాధనలో ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదంటే వేరే ఆరాధన పెట్టించి పాడింది, పాడించింది. 1940 ప్రాంతంలో అందరూ కలిశాక గాని ఆడవాళ్ళకి ఆ పందిట్లో చోటు దొరకలేదు. 1952లో చనిపోయింది. ఆమె సమాధీ అక్కడే ఉంది. నిలబడి చూస్తే నాకు ఆలోచన ఇంకో దారి పట్టింది. దేవదాసీ వ్యవస్థ రద్దు బిల్లుని నాగరత్నమ్మ వ్యతిరేకించింది. ఆ బిల్లు కోసం పోరాడిన ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి చంద్రమ్మాళ్ కూడా ఆ కుటుంబాల నుంచే వచ్చింది. చట్టం 1947లో వచ్చింది. చిన్నపిల్లల్ని గుడికి అర్పించకుండా ఆపిన చట్టాన్ని నేను కాదనలేను. తమ వృత్తినీ ఆస్తినీ తమని అడగకుండా తీసేశారన్న నాగరత్నమ్మ పక్షాన్నీ కొట్టిపారేయలేను. తిరిగి వచ్చే బస్సులో మా నలుగురి మధ్య ఇదే వాదన. ఒకామెకి కోపం వచ్చి కిటికీ వైపు తిరిగి కూచుంది. తంజావూరు వచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి బసలో పాత ఫోను నంబర్లు వెతికి ఆ అమ్మాయికి ఫోను చేశాను. అమ్మాయి అంటున్నాను గాని ఇప్పుడు ఆమే ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతోంది. ఆమెకి కూతురుంది. ఎప్పుడో నేనన్న ఆ మాట ఆమెకీ గుర్తుంది. "అప్పుడు మీరు అలా అంటే నాకు కొంచెం హాయిగానే అనిపించింది మేడం" అంది. అది విని నాకు మరీ సిగ్గేసింది. గోడ సంగతి చెప్పాను. చాలాసేపు ఊ కొడుతూ వింది.

"ఇళ్ళ వరసలతో సహా ఉందాండీ?"

ఉందన్నాను.

"మొదటి ఇంటామె పేరేమిటి?"

మా స్నేహితురాలు చదివి వినిపించింది. నేను రాసుకోలేదు. పొద్దున్నే మళ్ళీ వెళ్ళి రాసుకొస్తానన్నాను.